ఉప్పు పడని గుండిగ

నేను ఒక గుండిగను. ఇత్తడి గుండిగను. ఊరు ఊరంతా బంతుల్లో కూర్చుంటే ఒక్క కాపుతో అందరికీ పులుసు పోయగల కడుపు నాది. నా మెడ చుట్టూ "చెంచురామానాయుడుగారి ధర్మము" అని చెక్కి ఉంటుంది. ఆ అక్షరాలు చూసి, ఓహో, ఎవరో మహాదాత చేయించిన గిన్నె కాబోలు అనుకుంటారేమో. అనుకోకండి. మెడ మీద పేరు నాయుడిది. కడుపు మాత్రం ఒడ్డుపాలెం ఊరిది. ఆ తేడా చెప్పడానికే నోరు విప్పుతున్నాను. నా నోరు చిన్నది కాదు, వినక తప్పదు మీకు.

నేను పుట్టకముందు ఒడ్డుపాలెంలో పెళ్లయినా దినమైనా గుండిగ కోసం పక్కూరికి బండి కట్టాల్సి వచ్చేది. పక్కూరివాళ్లు ఇచ్చేవాళ్లే గానీ, ఇచ్చేముందు నాలుగు మాటలు అనేవాళ్లు. ఆ మాటలు పడలేక ఊళ్లోవాళ్లు ఇంటికింత పాత ఇత్తడి పోగేశారు. సొట్టపోయిన చెంబులు, చిల్లుపడిన పళ్లాలు, విరిగిన దీపపు సెమ్మెలు, ఎవరో ముసలమ్మ చచ్చిపోయేదాకా దాచుకున్న మరచెంబు. అదంతా బస్తాలకెత్తి కంచరి బ్రహ్మలింగం కొలిమి దగ్గర పోశారు. బ్రహ్మలింగం కరిగించి, పోసి, సాగగొట్టి, ఇన్ని ఇళ్ల ఇత్తడిని ఒక్క ఒళ్లు చేశాడు. ఆ సుత్తి దెబ్బలు ఇప్పటికీ నా ఒంటి మీద చేపపొలుసుల్లా కనిపిస్తాయి. నాలో ఎవరి చెంబు ఎక్కడుందో బ్రహ్మదేవుడు కూడా విడదీయలేడు.

అయితే రెండు చెవులకు ఇత్తడి చాల్లేదు. అప్పుడు నాయుడి తండ్రి, పోనీలెమ్మని, తన ఇంటి తలుపుల రింగులు రెండు ఊడదీసి ఇచ్చాడు. పాపం, ఆయన మంచివాడే. ఇచ్చి ఊరుకున్నాడు. కొడుకు చెంచురామానాయుడు అలా ఊరుకునే రకం కాదు. మొట్టమొదట తాలూకా బోర్డు మెంబరుగా నిలబడిన ఏడు, నన్ను ఇంటికి తెప్పించుకుని మెడ మీద పేరు చెక్కించుకున్నాడు. చెవులిచ్చినవాడి కొడుకు మెడ పట్టుకున్నాడన్నమాట. మనుషుల్లో ఇది మామూలేనని తర్వాత తెలిసింది.

మా వైపు పెద్ద వంటలు కుమ్మరివాళ్లే చేస్తారు. ఒడ్డుపాలెంలో ఆ పని కుమ్మరి నాంచారమ్మది. మొగుడు పోయాక సారె తిప్పుతూ, కుండలమ్ముతూ, ఊరి వంటలు చేస్తూ ఒక్క కూతుర్ని పెంచుకొచ్చింది. ఆ కూతురు ఆదెమ్మ. అల్లుడు ఇల్లరికం. నాంచారమ్మకీ నాకూ మొదట్లో పడేది కాదు. చింతపండూ బూడిదా కలిపి నన్ను తోముతూ, "మట్టి పిసికే చేతులమ్మా ఇయ్యి, నీ ఇత్తడి గీర నాకాడ సాగదు" అనేది. తోమే తోముడులో మాత్రం ప్రేమ ఉండేది. ఇత్తడికి ఆ సంగతి తెలుస్తుంది.

ఆవిడ వంటకి రెండు కట్టుబాట్లు. బంతిలో విస్తరి పడేదాకా వండిన మనిషి కూడా రుచి చూడకూడదు. చూస్తే ఎంగిలి. రెండోది, ఉప్పు వేసేది నాంచారమ్మ ఒక్కతే. ఇంకో చెయ్యి ఉప్పుకుండలోకి పోకూడదు. కళ్లతో ఆవిరి చూసి వేసేది, చాలినంత పడేది. అందుకని ఆవిడ పక్కన నిలబడి "ఉప్పేశావా?" అని అడిగినవాడు ఒడ్డుపాలెంలో పుట్టలేదు.

ఇక వాగు సంగతి.

ఊరికీ తాలూకా ఊరికీ మధ్య దొంగవాగు అడ్డం. చప్పుడు లేకుండా వస్తుంది కాబట్టి ఆ పేరు. ఎండాకాలం ఇసకలో మేకలు పడుకుంటాయి. ముసురు పట్టిందంటే మా ఊరు దీవి. ఆసుపత్రి, సంత, కచేరీ అన్నీ అవతలి ఒడ్డునే. వాగుకి అడ్డంగా, బళ్లు దాటేలా రాళ్ల చప్టా వేయించమని అడిగితే, మెంబరైన నాయుడు ప్రతిసారీ "ఈసారి బోర్డులో ఖాయం" అనేవాడు. ఆయన మెంబరుగా ఉండగా రోడ్డు పడకపోలేదు. ఆయన మామిడితోటకి పడింది. ఆ తోటలోని చెట్లు లేచి ఊరేగింపు పోతాయేమో అన్నంత నున్నగా పడింది.

ఒక శ్రావణంలో ఆదెమ్మకి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది, ఆసుపత్రికి తీసుకుపోక తప్పదంది మంత్రసాని. వాగు ఒడ్లు ఒరుసుకుంటూ పోతోంది. పడవ లేదు. అప్పుడు నాంచారమ్మే చెప్పింది, గుండిగ తెమ్మని. నా అడుగున గడ్డి పరిచి, పాతచీర వేసి, ఆదెమ్మను ముడుచుకు కూర్చోబెట్టారు. ఈతగాళ్లు ఇద్దరు నా చెవులు చెరొకటి పట్టుకుని నీళ్లలోకి దిగారు. నేను అన్నం మోసినదాన్ని, పులుసు మోసినదాన్ని. ప్రాణమున్న మనిషిని మోయడం అదే మొదలు. ఆ పిల్ల గోళ్లు నా అంచుని గట్టిగా పట్టుకున్నాయి. నడివాగులో నేను గిరగిరా తిరిగాను. ఎంత దూరం కొట్టుకుపోయామో తెలియదు గానీ, అవతలి ఒడ్డు ఎక్కేసరికి ఆలస్యమైపోయింది. ఆదెమ్మ బతికింది. బిడ్డ దక్కలేదు.

నన్ను తోమి బోర్లించేటప్పుడు నాంచారమ్మ ఏడవలేదు. నా అడుగు గడ్డి తీసి పారేసి, ఆదెమ్మ గోళ్లు పట్టుకున్న చోట నా అంచుని మళ్లీ మళ్లీ తోమింది. అంతే.

ఆ మరుసటేడే ఎన్నికలొచ్చాయి. అప్పటికి ఆదెమ్మకి మళ్లీ నెల తప్పింది. పురుడు వానల్లోనే.

అప్పట్లో పన్ను కట్టేవాళ్లకే ఓటు. నాంచారమ్మకి కుమ్మరి మాన్యం కొంచెం ఉండబట్టి ఆవిడకీ ఒకటుంది. చదువురానివాళ్ల కోసం గదిలో రంగుపెట్టెలు పెట్టేవాళ్లు. చీటీ తీసుకుని లోపలికి పోయి నచ్చిన రంగు పెట్టెలో వేయడమే. నాయుడిది ఎర్రపెట్టె. ఈసారి ఎదురు నిలబడినవాడు మాలకొండయ్య, తెల్లపెట్టె. పక్క పల్లె చిన్న రైతు. ఎడ్ల జతను వాగు మింగేశాక పంతం పట్టి నిలబడ్డాడు. వేదికెక్కితే మాట రాదు, గొంతు సవరించుకోవడంతోనే సభ అయిపోయేది. అందుకని మాటలు మానేసి రేవులో రాళ్లు పేర్చడం మొదలుపెట్టాడు. ఎవరైనా ఎదురొస్తే, "ఓటు సంగతి తర్వాత జూద్దాంలే బావా. వత్తా వత్తా ఒక రాయి పడెయ్ ఇక్కడ. చప్టాకి పనికొత్తది" అనేవాడు. జనం నవ్వేవాళ్లు. నవ్వుతూనే ఒక రాయి పడేసేవాళ్లు. కుప్ప పెరిగింది.

కుప్ప చూసి నాయుడి గుమాస్తా పానకాలు కంగారుపడ్డాడు గానీ నాయుడు పడలేదు. "రాళ్లు తిని ఓటేస్తారంట్రా జనం? పిచ్చోడా" అన్నాడు.

ఆయన ధీమా దేనిమీదో చెప్పాలి. పోలింగు రోజు పొద్దున నాయుడు ఊరికి భోజనాలు పెడతాడు. తిన్నవాళ్లను బళ్లెక్కించి అవతలి ఒడ్డున పోలింగుకి పంపుతాడు. గదిలో ఎవడు ఏ పెట్టెలో వేసినా చూసేవాడు లేడు. అయినా ఒడ్డుపాలెంవాళ్లు తప్పేవాళ్లు కాదు. ఉప్పు తిన్నాక ద్రోహం చేయకూడదన్నది వాళ్ల కట్టు. ముసలి వెంగయ్య తాతనే తీసుకోండి. వాగులో సొంత తమ్ముడిని పోగొట్టుకున్నవాడు. క్రితం ఎన్నికల్లో నా ముందే కూర్చుని అన్నాడు, "ఏం జేసేదిరా, పులుసు తిన్నాం గదా. గదిలో ఎవడూ లేకపోయినా ఉప్పు సూత్తా ఉంటది." కళ్లు తుడుచుకుంటూ పోయి ఎర్రపెట్టెలోనే వేసొచ్చాడు. అలాంటి నిజాయితీపరుల మీదే నాయుడు ఏళ్ల తరబడి గెలిచాడు. దొంగలైతే ఎప్పుడో ఓడించేవాళ్లు.

ఎన్నికల భోజనాలు చట్టప్రకారం తప్పు. అందుకని నాయుడు వాటిని భోజనాలు అనేవాడు కాదు, మొక్కు అనేవాడు. ప్రతి ఎన్నికకీ ఆయనకో దేవుడు గుర్తొచ్చేవాడు. అమ్మవారి మొక్కంటే వేటలు తెగాలి, ఖర్చు. ఈసారి తెలివిగా ఆలోచించి, మామిడితోటలో నాగుపాము కనిపించిందని, నాగేంద్రుడికి మొక్కుకున్నానని దండోరా వేయించాడు. మేకల ఖర్చు మిగిలింది. పప్పు, వంకాయ కూర, గుమ్మడికాయ పులుసు చాలు. పైగా ధైర్యం ఎంతంటే, పోలింగుకి ముందు ఊళ్లో భోజనాలేమైనా పెడుతున్నారా అని చూడ్డానికొచ్చిన పోలింగు ఆఫీసరునే ఆపి, తన అరుగు మీద కుర్చీ వేసి, మజ్జిగ ఇప్పించి, "చూడండి సార్, శుద్ధమైన మొక్కు" అని చూపించాడు.

గాడిపొయ్యి తెల్లవారగానే రాజుకుంది. నన్ను ఎక్కించారు. చింతపండు పులుసు, గుమ్మడి ముక్కలు, బెల్లం, మిరపకాయలు, అన్నీ పడ్డాయి. నాంచారమ్మ పక్కన తను చేసిన ఉప్పుకుండ, నిండా కల్లుప్పు. పానకాలు వచ్చి మెడ సాచి చూశాడు.

"నాంచారక్కా, ఇయ్యాల ఉప్పు కాస్త దండిగా పడనీ. అసలు కూర అదే గదా మనకి" అని కన్ను గీటాడు.

"ఎన్నాళ్ల నించి ఏత్తన్నానో నీకెరికేనా? నువ్వు లాగూ తొడగనప్పటి నించి. పో, పొయ్యికాడ సెగకి నీ తలనూనె కారిపోద్ది" అంది నాంచారమ్మ. పానకాలు తల తడుముకుంటూ పోయాడు.

నేను ఎదురుచూస్తున్నాను. పులుసు తెర్లుతున్నప్పుడు కల్లుప్పు పడితే చిన్న నిట్టూర్పులాంటి చప్పుడొస్తుంది, పొంగు ఒక్క క్షణం తగ్గి మళ్లీ లేస్తుంది. ఆ నిట్టూర్పు రాలేదు. తాలింపు పడింది, కరివేపాకు పడింది. ఉప్పు పడలేదు. మర్చిపోయిందేమోనని నాకు గుబులు పట్టింది. ఏ గుండిగకైనా ఊరి ముందు చప్పిడి పులుసుతో నిలబడటం కంటే తలవంపు ఏముంది? కుతకుతా ఉడికాను, మూత ఎగరేశాను. నాంచారమ్మ వచ్చి మూత మళ్లీ పెట్టింది. వంగి, నా ఒక్కదానికే వినబడేలా అంది:

"గమ్మునుండవే. నా బిడ్డను నువ్వు గూడా మోసినదానివేగా."

మూత కింద పొంగు అణుచుకున్నాను.

బంతులు వేశారు. ఓటున్నవాళ్లంతా కూర్చున్నారు. నాయుడు చేతులు జోడించి వరస వెంట నడుస్తూ "కడుపారా తినండి, మొహమాటపడమాకండి" అంటున్నాడు. మొదటి ముద్దలు నోళ్లలోకి పోయాయి. నోళ్లు నమలడం ఆపి ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. పప్పు కలిపినవాడు కూర నంజుకున్నాడు, కూర నంజుకున్నవాడు పులుసు పోయమన్నాడు. ఎక్కడా ఉప్పుజాడ లేదు. పెట్టినవాడి ఇంట్లో వంకలు పెట్టడం తప్పని అందరూ మింగుతున్నారు. వెంగయ్య తాత మాత్రం వయసు మళ్లినవాడు, ఆయనకేం భయం?

"ఏమ్మే నాంచారీ! నా నాలికే సచ్చిందా, నీ చెయ్యే సచ్చిందా?"

బంతి ఘొల్లుమంది. నాంచారమ్మ తెడ్డు నా అంచుకి ఆనించి ముందుకొచ్చింది.

"నీ నాలిక సల్లగుండాల తాతా, బానే పన్జేత్తంది. నా చెయ్యీ బానే ఉంది. ఉప్పెయ్యలా."

పానకాలు ఎగిరిపడ్డాడు. "ఎయ్యలేదా! నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఊరందరి ముందర నాయుడుగారి పరువు—"

"పరువు కోసమేనయ్యా ఎయ్యంది. నాగేంద్రుడి మొక్కని దండోరా ఏయించింది మీరేగా? నాగేంద్రుడికి చప్పిడి గాక ఉప్పుకూడు పెట్టినోళ్లని యాడన్నా జూశావా? నాగులచవితికి మీ అమ్మ ఉప్పేసుద్దా? రేపొద్దున పాము పగబడితే నాదా పూచీ?" అని, నాయుడి వైపు తిరిగింది. "తప్పు జేశానంటే మీరే సెప్పండి నాయుడుగోరూ. ఇది మొక్కు కాదు, ఇంకోటని మీ నోటితో ఒక్క మాటనండి. ఇప్పుడే తెచ్చి ఉప్పు కుమ్మరిత్తా."

అరుగు మీద పోలింగు ఆఫీసరు మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. నాయుడు అటు చూశాడు, ఇటు చూశాడు. మీసం ఒకవైపు లేచి మళ్లీ పడింది.

"మొక్కే" అన్నాడు చివరికి. "మొక్కు కాకపోతే ఏందీ. చప్పిడే మరి."

"చప్పిడైతే మీరూ కూకోండి అయ్యగోరూ, మొక్కినోళ్లు తినకపోతే ఎట్టా?" అన్నాడెవడో బంతి చివరనుంచి. నాయుడు కూర్చోక తప్పలేదు. ఆయన గుమ్మడి ముక్క మింగినప్పుడు గొంతు ముడి కదలడం బంతంతా చూసింది.

పానకాలు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "పులుసులో వద్దు, ఒప్పుకుంటా. ఇస్తట్లో ఇడిగా ఏసుకుంటే దేవుడేం అనడు" అంటూ ఉప్పుకుండ మీదికి చెయ్యి చాచాడు. నాంచారమ్మ ఒక్క ఊపులో కుండ చంకకెత్తుకుంది.

"ఈ కుండలో నా చెయ్యి తప్ప పడదు. నేనే వడ్డిత్తా, జరుగు."

ఆవిడ బంతి మొదట నిలబడింది. గొంతు పెంచలేదు.

"ఇనండయ్యా. ఇది నాయుడుగారి ఉప్పు. కావల్సినోళ్లకి ఏత్తా, వద్దన్నోళ్లకి ఏయను. ఇన్నేళ్లూ పులుసులో కలిసిపోయి ఎవుడెంత తిన్నాడో ఎవుడికీ తెలవకుండా పొయ్యింది. ఇయ్యాల తెలిసి తినండి. ఏసుకున్నోళ్లు ఎర్రపెట్టెకాడికే పోండి, నేను ఒక్క మాటంటే ఒట్టు. వద్దనుకున్నోళ్లు ఆకు మీద సెయ్యి అడ్డం పెట్టండి. మా ఆదెమ్మకి మళ్లీ ఈ వానల్లోనే పురుడు. నాకు గుండిగలో కూకోబెట్టి వాగులో ఒదిలే ఓపిక ఇంక లేదు."

వెంగయ్య తాత ఆకు దగ్గరికి వచ్చింది. ఆయన కుండ వైపు చూశాడు, నాయుడి వైపు చూశాడు. పాపం, ఆయన నోరు చప్పిడితో జావగారిపోతోందని తెలుస్తూనే ఉంది. మెల్లగా ముడతల చెయ్యి తెచ్చి విస్తరి మీద బోర్లించాడు.

"ఎయ్యమాకే అమ్మాయ్. అలవాటైందిలే" అన్నాడు.

పక్కవాడూ చెయ్యి పెట్టాడు. ఆ పక్కవాడూ. అందరూ పెట్టారని చెప్తే అబద్ధం అవుతుంది. నాయుడి బావమరది దోసిలి పట్టి మరీ వేయించుకున్నాడు. నాయుడి పొలం కౌలుకి చేసేవాళ్లు కొందరు కళ్లెత్తకుండా చెయ్యి పక్కకి తీశారు. వాళ్లను నేనేమీ అనను. వాళ్ల పొయ్యి వెలిగేది నాయుడి గట్టు మీద కట్టెలతోనే. నాంచారమ్మ కూడా అందరికీ వేసినంతే వేసింది. ఒకడు మాత్రం చెయ్యి అడ్డం పెట్టి, దీనంగా, "అక్కా, మజ్జిగలో అయినా లేదా?" అని అడిగాడు. "మజ్జిగ అరుగు మీద సారు తాగేశాడు" అంది. ఆఫీసరే ముందు నవ్వాడు.

తిన్నారు. చప్పిడి కూడు కడుపు నిండా తిన్నారు. అన్నం మీద ఎవరికీ కోపం లేదు. ఒక్క విస్తట్లో మెతుకు మిగల్లేదు. అన్ని విందులకి వండాను గానీ, మొహాలు అంత వికారంగా పెట్టి అంత ఇష్టంగా తిన్న బంతిని మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత నాయుడి బళ్లే వాళ్లను పోలింగుకి మోసుకుపోయాయి. నాంచారమ్మా పోయింది. ఎండిన వాగు ఇసకలో బళ్లు కూరుకుంటే దిగి తోశారట. మాలకొండయ్య రాళ్లకుప్ప పక్కన నిలబడి, గొంతు సవరించుకుని దణ్ణం పెట్టాడట. నన్నెవరూ తీసుకుపోలేదు కాబట్టి గదిలో ఏం జరిగిందో నాకు తెలియదు. పెట్టెలు విప్పాక డప్పు మోగింది. నాంచారమ్మ నన్ను తోముతోంది. తెల్లపెట్టె గెలిచిందని డప్పు చెప్పాక కూడా తోముడు ఆపలేదు. బూడిద మాత్రం కాస్త ఎక్కువ వేసింది.

ఓడిన పెద్దమనుషుల కోపం ముందు గిన్నెల మీదికి పోతుందని నాకప్పటిదాకా తెలియదు. మర్నాడే పానకాలు వచ్చి, "పేరున్నోళ్ల ఇంట్లోనే ఉండాల గుండిగ" అని నన్ను దొర్లించుకుపోయి నాయుడి గడ్డికొట్టంలో పడేసి తాళం వేశాడు. ఎలుకలు నా మీద కాపురం పెట్టాయి. ఊళ్లో ఒక పెళ్లి కుదిరేదాకా ఎవరూ ఏమీ అనలేదు. పెళ్లి కుదిరాక ఊరు ఊరంతా వాకిట్లో నిలబడింది. ముందు వెంగయ్య తాత, పక్కన నాంచారమ్మ.

"గుండిగ మీద మా పేరు లేదా?" అన్నాడు నాయుడు.

"ఉంది బాబూ, లేదనలా" అన్నాడు తాత. "మీ నాయనగారు రెండు సెవులిచ్చారు. ఆయన ధర్మాత్ముడు. మిగతాది మా సెంబులూ పళ్లాలూ. మీ సొత్తు మీకు ఒప్పజెప్పే పోతాం."

పానకాలు చేత కొట్టం తాళం తీయించి, వెంట తెచ్చిన ఉలి, సుత్తి బయటికి తీశారు. నా రెండు చెవులూ ఊడగొట్టి, కడిగి, పళ్లెంలో పెట్టి, తాంబూలంతో సహా నాయుడి చేతికిచ్చారు. నొప్పి పుట్టలేదంటే నమ్మరు గానీ, పుట్టలేదు. మెడకి మోకు కట్టి నన్ను మోసుకొచ్చారు.

మాలకొండయ్య బోర్డులో కూడా గొంతు సవరించుకుంటూనే ఉన్నాడట. అక్కడివాళ్లు ఆ దగ్గు భరించలేకే మంజూరు చేశారని మా ఊళ్లో ఒక మాట. రాళ్లు మావే ఉన్నాయి, బోర్డునుంచి సున్నం బళ్లు వచ్చాయి. వానలు ముంచుకొస్తున్నాయి. సున్నం నానబెట్టడానికి, గానుగలో తిప్పాక రాళ్లదాకా మోయడానికి పెద్ద పాత్ర కావాలన్నాడు మేస్త్రీ. ఊళ్లో పెద్ద పాత్ర నేనొక్కదాన్నే.

"సున్నం బోస్తే కళాయి పోద్ది నాంచారక్కా" అన్నాడు మాలకొండయ్య. "మళ్లీ దీంట్లో వంట గాదు."

"కాకపోతే పోద్ది. కుండల్లో వండుతా. కుమ్మరిదాన్ని కానా?" అంది. నా మూతి తుడిచి, అంచు మీద ఒకసారి తట్టి, తనే మొదటి తట్ట సున్నం నా కడుపులో గుమ్మరించింది. మంటెత్తింది. ఆ మంట నాకు ఇష్టమే.

శ్రావణంలో దొంగవాగు ఎప్పటిలాగే చప్పుడు లేకుండా వచ్చింది. చప్టా మీదుగా పొర్లింది గానీ ఎద్దు మోకాలు దాటలేదు. నేను ఒడ్డున బోర్లా పడి ఉన్నాను, ఒళ్లంతా తెల్లగా. ఆదెమ్మను ఎక్కించుకున్న బండి నా పక్కనుంచే పోయింది. నాంచారమ్మ బండి వెనక నడుస్తోంది, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, నీళ్లను కాళ్లతో తన్నుకుంటూ. తిరిగి వచ్చేటప్పుడు బండిలో ఏడుపు వినిపించింది. గట్టి గొంతు. ఆడపిల్ల.

ఆ తర్వాతి ఎన్నికల్లో నాయుడు మళ్లీ నిలబడి, చప్టా తానే వేయించానని చెప్పుకున్నాడు. మనిషన్నాక చెప్పుకుంటాడు. ఈసారి మేకలు కూడా కోశాడు. కానీ ఒడ్డుపాలెంలో అప్పటికే కొత్త కట్టుబాటు వచ్చేసింది. ఎన్నికల కూడు ఎవరు పెట్టినా కూరల్లో ఉప్పు పడదు. బంతి చివర ఉప్పుకుండ పెడతారు. కావలసినవాడు లేచి వెళ్లి, అందరూ చూస్తుండగా తెచ్చుకోవాలి. ఆ కుండ దాకా నడవడం ఎంత కష్టమో నడిచినవాళ్లే చెప్పాలి.

నేను తర్వాత గొడ్ల కుడితి తొట్టినయ్యాను. ఆ పైన పంచాయతీ ఆఫీసు వెనక వాన నీళ్లు పట్టాను. నాంచారమ్మ పోయింది, ఆదెమ్మా ముసలిదై పోయింది. మొన్నీమధ్య పాత సామాన్లవాడు ఆటోలో వచ్చాడు. నన్ను తిరగేసి గోరుతో గీకాడు. సున్నం రాలేదు.

"ఇదేంది, లోపల ఇట్టా పట్టుకుపోయింది? ఎవరో నాయుడంట, దానమిచ్చినోడు" అని మెడ మీది పేరు చదివి, "చెవులు గూడా లేవే!" అని పెదవి విరిచాడు.

ఆటోలో ఎక్కించాడు. ముసురుగా ఉంది. వాగు వచ్చింది, ఎప్పటిలాగే చప్పుడు లేకుండా. చప్టా ఇప్పుడు సిమెంటుది, పైన కొత్తది పోశారు. అడుగున మాత్రం అవే రాళ్లు, అదే సున్నం. ఆటో దాని మీదికెక్కింది. చక్రాలు సగం కూడా మునగలేదు. సామాన్లవాడు బీడీ ముట్టించుకుని, ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని, పాట పాడుకుంటూ దాటేశాడు. కింద వాగు గొణుక్కుంది. నేను విన్నాను.

కరిగిస్తారట నన్ను. కరిగించుకోండి. మెడ మీది పేరే ముందు కరుగుతుంది, అది పైపైన చెక్కింది కదా. ఇంకా అడుక్కి పోతే చెంబులు దొరుకుతాయి, పళ్లాలు దొరుకుతాయి, ఆ ముసలమ్మ మరచెంబు దొరుకుతుంది. ఎంత వెతికినా నాయుడి ఉప్పు మాత్రం ఒక్క రవ్వ దొరకదు.